అమ్మలూ, ఆ లైటు సంగతి

శ్రీకాకుళం

అమ్మలూ,

మీ అమ్మ ఫోను చేసింది. "నీ మేనకోడలు చేపల తొట్టికి లైటు కొనదట, తనే చేసుకుంటుందట. సోల్డరింగ్ ఐరన్ కూడా తెచ్చేసుకుంది. నువ్వయినా చెప్పన్నయ్యా" అంది. ముందు నాకు గర్వమే వచ్చింది. మన ఇంట్లో నా తరవాత వైరు పట్టుకున్నది నువ్వే. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. పాడైన ఎల్ఈడీ బల్బు విప్పి, అందులో డ్రైవరు, అంటే ఇంటి కరెంటుని ఎల్ఈడీలకి తగ్గట్టు మార్చే ముక్క, తీసి వాడతావట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మీ తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంటే సుమారు 57 లీటర్లు. దానికి 12 వోల్టుల స్ట్రిప్పు, అంటే ఎల్ఈడీలు వరసగా అతికించిన పట్టీ, చాలు. మీటరుకి 60 ఎల్ఈడీలుండే 5050 రకం మీటరుకి 14.4 వాట్లు తీసుకుంటుంది. పొడవునా రెండు వరసలు వేస్తే 17 వాట్లు, ఒకటిన్నర ఆంపియరు లోపే. అయినా అడాప్టరు 3 ఆంపియర్లది తీసుకో, చల్లగా పనిచేస్తుంది. రంగు 6500 కెల్విన్ అని అడుగు, పగటి వెలుగులాంటి తెలుపు అది. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు కత్తెర దాని మీద గీత ఉన్నచోటే పెట్టు. మూడేసి ఎల్ఈడీలు వరసగా, వాటికో రెసిస్టరు, అలాగ ముక్కలు ముక్కలుగా ఉంటుంది ఆ స్ట్రిప్పు. విడి ఎల్ఈడీలు కొని రెసిస్టరు లేకుండా అడాప్టరుకి కలిపేవు సుమా. ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, ఆఖరికి మాడిపోతుంది. స్ట్రిప్పుని అల్యూమినియం ఛానల్లో అతికించు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఎల్ఈడీ అంటే స్టెబిలైజరు మీద ఎర్రచుక్క. తెల్లది లేనేలేదు. నీలం వెలుగు ఇచ్చేది తయారయ్యాకే, దాని మీద పసుప్పచ్చ ఫాస్ఫరు పూసి తెలుపు తెచ్చారు. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ వార్త వచ్చిన వారం తిరక్కుండానే హుద్‌హుద్ తుపాను వచ్చి మనల్ని చీకట్లో కూర్చోబెట్టింది, అందుకే నాకు బాగా జ్ఞాపకం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది పూర్తిగా చదువు.

అప్పట్లో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పెద్ద తొట్టి ఉండేది. పెళ్లి వస్తోందని దాని మీద ట్యూబులైటు పెట్టమన్నారు. నాకంటే సీనియరొకాయన ఆ పని చేశాడు. ఇనపరేకు మూత, దాని లోపల ట్యూబు, అదే రేకుకి చోక్, అంటే ట్యూబుకి వెళ్లే కరెంటుని అదుపులో ఉంచే డబ్బా, బిగించాడు. ఎర్తు వైరు లేదు. మూడు తీగల వైరు ఆ పూట దొరకలేదని రెండు తీగలదే వేశాడు, తరవాత మారుస్తానన్నాడు. ప్లగ్గు కూడా పెట్టలేదు, నేరుగా స్విచ్చుబోర్డులోంచి లాగేశాడు. అన్నిటికంటే పెద్ద తప్పు, కరెంటు తెచ్చే ఫేజు తీగ మీద ఉండాల్సిన స్విచ్చుని, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద పెట్టాడు. లైటు వెలిగింది, ఆరింది. అందరూ బాగుందన్నారు.

తొట్టిలోంచి ఆవిరి రోజూ ఆ రేకుకి పట్టేది. వానాకాలం వచ్చేసరికి హోల్డరు తుప్పు పట్టింది. ఒక పొద్దున్న ఆ ఇంటి పెద్దకోడలు చచ్చిన చేపను తియ్యడానికి వెళ్లింది. జాగ్రత్త గల మనిషి, ముందు స్విచ్చు ఆపింది. ఒట్టి కాళ్లతో తడి గచ్చు మీద నిలబడి, మూత ఎత్తడానికి రేకు పట్టుకుంది. అంతే, చెయ్యి అతుక్కుపోయింది. స్విచ్చు ఆపినా ఫేజు తెగలేదు కదా, లైటు ఆరే ఉంది, కరెంటు మాత్రం తుప్పు పట్టిన హోల్డరులోంచి రేకులోకి వచ్చి ఉంది. పక్కగదిలో నిచ్చెన మీదున్న నేను కేక విని వచ్చి మెయిను దించాను. ఆమె బతికింది. అరిచెయ్యి కాలింది. ఆ చేతిని చాన్నాళ్లు కొంగులో దాచుకునే తిరిగేది.

ఫ్యూజు ఎందుకు పోలేదని నువ్వు అడుగుతావు. ఆ ఫ్యూజు 5 ఆంపియర్లది. మనిషి ప్రాణం మీదకి రావడానికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు. అది ఫ్యూజుకి లెక్కలోకే రాదు. ఇప్పుడు ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ స్విచ్చుకీ అంతే.

నీ బల్బు డ్రైవరు సంగతీ ఇలాంటిదే తల్లీ. బల్బులో అంతా ప్లాస్టిక్ మూత లోపల ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలదు. అందుకని చాలా బల్బుల్లో డ్రైవరుకి, ఇంటి కరెంటుకి మధ్య అడ్డు ఉండదు. దాని రెండు తీగల మధ్య మీటరు పెడితే తక్కువ వోల్టులే చూపించవచ్చు. అది చూసి ధైర్యపడకు. ఏ ఒక్క తీగ తగిలినా, కింద నీ కాలు నేల మీదుంటే, 230 వోల్టుల దెబ్బే. దాన్ని అవతల పారెయ్యి. గంటస్తంభం దగ్గర షాపుల్లో 12 వోల్టుల అడాప్టరు తీసుకో. బీఐఎస్ గుర్తు, చతురస్రం లోపల చతురస్రం గుర్తు (డబుల్ ఇన్సులేషన్ అని) ఉన్నాయో లేదో చూసుకో. అడాప్టరు గోడ దగ్గరే ఉండాలి, తొట్టి దగ్గరికి 12 వోల్టులే రావాలి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదులు, జారిన చుక్క నేల మీద పడుతుంది.

నీ లైటు ఎంత బాగా చేసినా, ఫిల్టరు మోటారు 230 వోల్టులతోనే నీళ్లలో మునిగి ఉంటుంది. కాబట్టి తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ ఊడదియ్యి. స్విచ్చు ఆపాను కదా అనకు. మీ అద్దె ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే స్విచ్చు, ఉన్నట్టు నాకు గుర్తులేదు. అది ఉంటే 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టేలోపే పడిపోతుంది.

ఇంకా కొన్ని. నీళ్లకీ లైటుకీ మధ్య గాజుపలక పెట్టు, యాక్రిలిక్ అయితే చెమ్మకి వంగుతుంది. అతుకుల మీద సిలికాన్ రాసేటప్పుడు వెనిగర్ వాసన వేసేది వాడకు, అది రాగిని తినేస్తుంది, న్యూట్రల్ క్యూర్ అని అడుగు. రోజుకి ఏడెనిమిది గంటలకి మించి వెలిగించకు, నాచు కమ్మేస్తుంది. టైమరు పెట్టుకో. కరెంటు పోతే లైటు గురించి కంగారుపడకు, గాలి గురించి పడు. 2018లో తిత్లీ తుపానుకి పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అక్కడ మీ అత్త పుట్టింట్లో గప్పీలు బతికాయంటే, చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తూ కూర్చోబట్టే.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతాను. ఆర్‌సీసీబీ, టెస్టరు నేను తెస్తాను. అది పెట్టడానికి ఇంటివాళ్లని అడిగి ఉంచమని మీ నాన్నకి చెప్పు. అంతవరకు లైటు బల్లమీదే వెలిగించి చూసుకో, తొట్టి మీదకి ఎక్కించకు. నువ్వు వేసిన సోల్డరు నాకు చూపించాలి. బాగా లేకపోతే విప్పించి మళ్లీ వేయిస్తాను, అలగకూడదు.

ఆశీస్సులతో,
మీ పెద్ద మావయ్య