సంతకానికి ముందు మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కెనడా మేజర్ జూనియర్ ఐస్ హాకీ లీగ్ జట్టొకటి నిన్ను గోల్‌కీపర్‌గా తీసుకుంటామన్నదనీ, అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం కూడా చోటు చూపిస్తున్నదనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను గాని, తేల్చుకునే ముందు కెనడా గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ ఆటజీవితాన్ని ఒకసారి నిదానంగా చూడు.

1964లో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లోని బోస్టన్ జట్టు ఎంపిక చేసుకున్నా, ఆయన్ని ఆడించుకునే హక్కులు అదే లీగ్‌లోని మాంట్రియల్ కెనడియన్స్‌కు మారినా, ఆయన ముందు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి 1969లో పట్టా పుచ్చుకున్నారు. 1971లో ఆరే ఆరు లీగ్ మ్యాచ్‌ల అనుభవంతో ప్లేఆఫ్స్‌లో నిలబడి, అంతకుముందు ఏడాది విజేత అయిన బోస్టన్‌ను ఓడించి, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచారు. మీ ఈడు పిల్లలు ఈ కథ దగ్గరే ఆగిపోతారు.

నాకు ముఖ్యమనిపించేది 1973. నేను చదువుకోసం గుంటూరు నుంచి మాంట్రియల్ వచ్చింది సరిగ్గా ఆ శరత్కాలంలోనే. అప్పటికి కప్పూ, ఆ రోజుల్లో అందరికంటే తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోల్‌కీపర్‌కు దక్కే వెజినా ట్రోఫీ చేతిలో ఉన్న మనిషి, జీతం దగ్గర యాజమాన్యంతో పొసగక, సీజను మొత్తం వదులుకొని టొరంటోలో న్యాయవాద శిక్షణకు వెళ్లిపోయారు. పొగరెక్కిందని మా హాస్టలు వంటగదిలో అందరూ తిట్టిపోస్తుంటే, మంచు మీద కాలు పెట్టి ఎరుగని నేనూ వంత పాడాను. ఆ ఏడాది కెనడియన్స్ మునుపటికంటే 56 గోల్స్ ఎక్కువ ఇచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఆయన కొత్త ఒప్పందంతో తిరిగి వచ్చారు. కుదరదని అనగలిగిన ఆ ధైర్యం, ఆడుతూనే మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివిన లా పట్టాది. జీతం పెంచమని అడగలేక నేను చాలా ఏళ్లు నలిగాక గాని ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

తర్వాత 1976 నుంచి 1979 దాకా వరుసగా నాలుగు కప్పులు. మొత్తం 397 లీగ్ మ్యాచ్‌లలో ఓడినవి 57. 31 ఏళ్లకే ఆట మానేసి, రచయితగా, టొరంటో హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ అధ్యక్షుడిగా, 2004లో కెనడా కేంద్ర మంత్రిగా పనిచేశారు.

జూనియర్‌లో ఆడితే అమెరికా కళాశాల హాకీకి తలుపులు మూసుకుపోయే పాత నియమం 2025 ఆగస్టుతో పోయింది కాబట్టి, నువ్వు కంగారుపడనక్కరలేదు. జూనియర్ జట్లు ఆడిన ఒక్కో సీజనుకు ఒక్కో ఏడాది చదువు ఖర్చు ఇస్తామంటాయి. అయితే ఆ చదువు ఎప్పటిలోగా మొదలుపెట్టాలో, గాయపడితే, జట్టు మారితే, ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంటే ఆ డబ్బు ఏమవుతుందో కాగితం మీద రాయించుకో. కోచ్ నోటిమాటను లెక్కలోకి తీసుకోకు. బస్సు ప్రయాణాల మధ్య పన్నెండో తరగతి ఎలా పూర్తి చేయిస్తారో కూడా అడుగు. ఆ జవాబు తడబడితే నాకు చెప్పు.

ఒప్పంద పత్రం చేతికి రాగానే నకలు పంపించు. చదివి, ఆదివారం మీ అమ్మ కూడా ఉండగా మాట్లాడతాను. అప్పటిదాకా సంతకం చేయకు.

ఇట్లు,
మీ మామయ్య