గట్టిమేళం మోగేలోపు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రాత్రి ముహూర్తాల గురించే. మాఘం దగ్గరపడుతోందని వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా చదివేవారికి ఒక్క మాట: మాది గుడివాడ. మా నాన్నగారు పెట్టిన స్టూడియో. ఫొటోలు కడిగే హైపో మందు వాసనలో పెరిగాను, కెమెరా పట్టి ఇరవై ఏడేళ్లయింది. నాకు తెలిసిందే చెప్తాను.

మా అన్నయ్య కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలకు. ఫొటోగ్రాఫర్‌ని పెట్టారు కానీ, నా ఫోన్‌తో నేనూ నాలుగు మంచి ఫొటోలు తీయాలని ఆశ. ఫంక్షన్ హాల్లో నేను తీసేవన్నీ మసగ్గా వస్తాయి. రిటైరయ్యాక పట్టుకున్న సరదా ఇది. సలహా చెప్పండి. – కె.ఎల్., తణుకు

బాబాయ్ గారూ, ముందు ఫోన్ లెన్సు తుడవండి. నవ్వకండి. రోజంతా చేతుల్లో, జేబులో తిరిగిన ఫోన్‌కి వేళ్ల జిడ్డు అంటుకుని ఉంటుంది. దీపాల చుట్టూ వెలుగు చెదిరి మసకబారడానికి చాలాసార్లు అదే కారణం. కండువా చివరతో తుడిచినా చాలు.

తర్వాత ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు నాలుగైదు అడుగులు దాటి పెద్దగా పనిచేయదు. వీడియో వాళ్ల లైటు ఎలాగూ ఉంటుంది, దాన్ని వాడుకోండి. అది సరిగ్గా మీ వెనకనుంచి పడితే ముఖాలు అప్పడాల్లా చదునుగా వస్తాయి. పక్కనుంచి పడేలా నిలబడితే ముక్కు, చెక్కిలి తెలుస్తాయి. ఫోన్‌లో పెళ్లికూతురి ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడ ఆగుతుంది. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కాస్త కిందికి జరిపితే జరీ తెల్లగా మండిపోదు. జూమ్ మాత్రం వద్దు. రెండడుగులు ముందుకు వెయ్యండి. పెళ్లికూతురి బాబాయిని మండపం దగ్గరికి రావద్దనేదెవరు? వెనక ఎల్ఈడీ తెర ఉండి ఫొటోలో అడ్డచారలు వస్తుంటే, పక్కకి జరిగి తెరని తప్పించండి. పేచీ వదిలిపోతుంది.

ఇక అసలు సంగతి. ముహూర్తం అంటే తాళి కట్టే సమయం అనుకుంటారు చాలామంది. మనవైపు చాలా ఇళ్లలో సుముహూర్తం జీలకర్ర బెల్లానికి. 2.47కి జరిగేది అదే. మధ్యలో తెర ఉంటుంది. పురోహితుడు గడియారం వైపు చూస్తుంటాడు, సన్నాయి వాళ్లు ఆయన చెయ్యి వైపు చూస్తుంటారు. గట్టిమేళం మోగుతుంది, జీలకర్ర బెల్లం తలల మీద పెడతారు, తెర తీస్తారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు రెండు మూడు సెకన్లే. అప్పుడు మీరు కాఫీ కోసం వెళ్లి ఉంటే ఇక అంతే.

మా నాన్నగారికి పెళ్లికి మూడు ఫిల్మ్ రోళ్లు. 120 రకం రోలు ఒక్కోదానికి చదరం ఫొటోలు పన్నెండు, మొత్తం 36. ఒకటి పాడయితే ఆ పెళ్లివారికి ఒక ఫొటో తగ్గినట్టే. అందుకని ముందే విడిదికి వెళ్లి పురోహితుడి పక్కన చేరేవారు. "అయ్యగారూ, కన్యాదానం ముందా, జీలకర్ర బెల్లం ముందా? మెట్టెలు ఎప్పుడు పెట్టిస్తారు?" ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది, ఒక్కో పురోహితుడి పద్ధతి మరోలా ఉంటుంది. నేనిప్పుడు రెండు కెమెరాలతో రాత్రికి మూడు వేల ఫొటోలు తీస్తాను. అయినా ఆ ప్రశ్న అడగకుండా మండపం ఎక్కను. మీరూ అడగండి. మీ వయసు చూసి ఇంకా మర్యాదగా చెప్తారు.

తాళి కట్టేటప్పుడు ముళ్ల వెంట పడకండి. ఆ చేతుల చుట్టూ ఇరవై మంది మూగుతారు, పైనుంచి అక్షింతలు. మీరు అటు తిరిగి మీ అన్నయ్య ముఖం తీయండి. ఆ క్షణంలో మా కెమెరాలన్నీ పీటల వైపే ఉంటాయి, తండ్రి ముఖం ఎవరికీ దొరకదు. ఆల్బమ్ ఇచ్చాక "నాన్న ఏరీ?" అని అడిగిన ఆడపిల్లలు నాకు కనీసం పదిమంది ఉంటారు.

తలంబ్రాలప్పుడు వరుసగా తీసే పద్ధతిలో పెట్టి తీయండి, ముప్ఫైలో ఒకటి అద్భుతంగా వస్తుంది. మెట్టెలు పెట్టేటప్పుడు మోకాళ్లు సహకరిస్తే నేల మీద కూర్చోండి. అరుంధతి సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన చిన్న చుక్క, ఫోన్‌కి దొరికేది కాదు. చూపిస్తున్న వేలునీ, ఏమీ కనపడకపోయినా తలూపుతున్న పెళ్లికూతురినీ తీయండి.

మీకు చెప్పాల్సింది కాదు గానీ, మిగతా చుట్టాలకి చెప్పండి: తెర తీసేటప్పుడు ఫోన్లు పట్టుకున్న చేతులు పైకెత్తకండి. మాకు చేతులే కనపడతాయి.

నిశ్చితార్థం ఫొటోల్లో నన్ను తెల్లగా చేసేశారు. అమ్మమ్మ చూసి "ఇదెవరే?" అంది. నాది చామనఛాయ, నాకు దానితో ఏ ఇబ్బందీ లేదు. పెళ్లికి ఇలా కాకూడదంటే ఏం చేయాలి? గట్టిగా చెప్పడానికి మొహమాటంగా ఉంది. – కాబోయే పెళ్లికూతురు, ఖమ్మం

మొహమాటపడకమ్మా. ఈ పాపం నేనూ చేశాను. చాలా ఏళ్లపాటు, అడిగినా అడగకపోయినా, అందరి ముఖాలూ ఒక మెట్టు తెల్లగా చేసేదాన్ని. ఒకసారి పెళ్లికూతురి అమ్మ ఆల్బమ్ తిరగేసి, "బాగుందండీ, కానీ మా అమ్మాయికి ఇక్కడ చిన్న మచ్చ ఉండాలి, ఏది?" అని వేలు పెట్టి అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజుతో మానేశాను.

ఇది ఎడిటింగ్ దగ్గర మొదలయ్యే జబ్బు కాదు. నువ్వు కట్టుకునేవి తెల్లని మధుపర్కాలే అయితే, అంత తెలుపు చూసి కెమెరా "వెలుగు ఎక్కువైంది" అనుకుని మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. ముఖం నల్లబడుతుంది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు దాన్ని పైకి లాగబోయి హద్దు దాటేస్తాడు. తీసేటప్పుడే ముఖానికి తగ్గ వెలుగు లెక్క చూసుకునే ఫొటోగ్రాఫర్‌కి ఆ అవసరం రాదు. నలుగు ఫొటోలకి ఇంకో తిప్పలుంది. పసుపు ఎక్కువైందని రంగు తగ్గిస్తే, చర్మం బూడిదరంగులోకి పోతుంది. పసుపు రాసుకున్న ముఖం పసుపుగానే ఉండాలి కదా!

మేకప్ అమ్మాయికీ చెప్పు. రెండు షేడ్లు తెల్లగా వేస్తే ముఖం ఒకటి, మెడా చేతులూ మరొకటి అవుతాయి. ఎండ నుంచి కాపాడుతుందని రాసి ఉండే కొన్ని ఫౌండేషన్లలో టైటానియం డయాక్సైడో జింక్ ఆక్సైడో ఉంటుంది. అవి ఫ్లాష్ వెలుగుని తిప్పికొట్టి ముఖానికి సున్నం కొట్టినట్టు చేస్తాయి. అద్దంలో అది కనపడదు. ట్రయల్ వేసిన రోజు గదిలో లైట్లు తగ్గించి, ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకో. ఫోన్ ఫ్లాష్ పనికొచ్చే సందర్భం ఇదొకటి!

ఫొటోగ్రాఫర్‌ని ఇన్‌స్టాలో ఉన్న ముప్ఫై ఫొటోలు కాదు, ఏదైనా ఒక రాత్రి పెళ్లి మొత్తం ఆల్బమ్ చూపించమను. అందులో పెళ్లికూతురి చేతి రంగు, ముఖం రంగు పోల్చి చూడు. నచ్చితే అడ్వాన్సు ఇచ్చేముందే వాట్సాప్‌లో రాసెయ్యి: "చర్మం రంగు మార్చొద్దు, పుట్టుమచ్చలు చెరపొద్దు, ఆల్బమ్‌కి ముందు ఐదు ఫొటోలు ఎడిట్ చేసి చూపించండి." పని తెలిసినవాడు దీనికి నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే నీకూ ఒక సంగతి తెలిసినట్టేగా.

ప్రీ వెడ్డింగ్ షూట్‌కి, డ్రోన్‌తో కలిపి, ఎనభై వేలు అడుగుతున్నారు. అవసరమా? – ఒక తండ్రి, గుంటూరు

నేను ప్రీ వెడ్డింగ్‌లు తీయను, కాబట్టి నాది పక్షపాతమే అనుకోండి. పిల్లలకి నిజంగా సరదా ఉంటే మీరు అడ్డం పడొద్దు. ఊరంతా తీయించుకుంటున్నారని మాత్రమే అయితే, అందులో కొంత డబ్బుతో పెళ్లికి రెండో ఫొటోగ్రాఫర్‌ని పెట్టండి. అటు ఎదురుకోళ్లు జరుగుతుంటే ఇటు గదిలో మీ అమ్మాయికి వాళ్ల అమ్మ బాసికం కడుతూ ఉంటుంది. ఒక్కరే రెండుచోట్ల ఉండలేరు.

అక్కా, నాకు 26. మూడేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా. సీజన్‌లో వరసగా పదకొండు రాత్రులు చేశాను. మూఢం వస్తే రూపాయి రాదు, కెమెరా ఈఎంఐ మాత్రం ఆగదు. నడుం నొప్పి, కడుపులో మంట. ఇన్‌స్టాలో తోటి ఫొటోగ్రాఫర్లు కొండల్లో కాఫీ తాగుతూ కనిపిస్తారు. నాకంటూ ఒక లైఫ్‌స్టైల్ ఏర్పరచుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టను? – ఆర్., కరీంనగర్

తమ్ముడూ, నీ ఉత్తరం చదవగానే నాకు 2009 గుర్తొచ్చింది. తొమ్మిది రాత్రులు వరసగా చేసి, తెల్లవారుజామున స్కూటీ మీద వస్తూ, పామర్రు దాటాక కునుకు పట్టి కాలువగట్టు మీదికి వెళ్లిపోయాను. మోచెయ్యి చీరుకుపోయింది. కెమెరా బ్యాగు నీళ్లలో పడకుండా తుమ్మచెట్టుకి తగులుకుంది. మా ఆయన కట్టు కడుతూ, "పంచాంగంలో ఊరందరికీ ముహూర్తాలున్నాయి, నీ నిద్రకి కూడా ఒకటి పెట్టించుకో" అన్నారు. వెటకారంగానే అన్నారు గానీ, నేను దాన్ని అలాగే పట్టుకున్నాను.

అప్పటినుంచి ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఖాళీ. శుక్రుడో గురువో సూర్యుడికి దగ్గరై కనపడకుండా పోయే మూఢాలు కూడా అందులో రోజులతో సహా అచ్చయి ఉంటాయి. మన పనికి ఉన్న సుఖం ఇదొక్కటే తమ్ముడూ, సెలవులు ఏడాది ముందే తెలిసిపోతాయి. ముహూర్తాలున్న రోజుల్లోనూ వరసగా మూడు రాత్రులకు మించి ఒప్పుకోను. నాలుగోది మేనత్త మనవడిదైనా సరే, మరొకరి నంబరిస్తాను. అలకలు వచ్చాయి. తగ్గాయి కూడా.

ఒకప్పుడు ఏడాదికి డెబ్బై పెళ్లిళ్లు తీసేదాన్ని, ఇప్పుడు నలభై. ఆదాయం నేననుకున్నంత పడిపోలేదు. ఆల్బమ్ ఇచ్చాకే కదా చివరి వాయిదా చేతికొచ్చేది! డెబ్బై తీసిన రోజుల్లో ఆల్బమ్‌లు ఆరేసి నెలలు ఆలస్యమయ్యేవి, డబ్బు అక్కడే ఇరుక్కునేది.

డబ్బు సంగతి ఇంకొంచెం చెప్పాలి, నీ కడుపులో మంటకి సగం కారణం అదేనేమో. అడ్వాన్సు నీ డబ్బు కాదు. పెళ్లి ఆగిపోతే తిరిగివ్వాల్సి రావచ్చు. నాకు రెండు బ్యాంకు ఖాతాలున్నాయి. పెళ్లివాళ్లిచ్చేదంతా ఒకదాంట్లో పడుతుంది. అందులోంచి ప్రతి ఒకటో తారీఖున నాకు నేను జీతం వేసుకుంటాను, ముప్ఫై ఐదు వేలు. మాఘంలో రెండు లక్షలొచ్చినా అంతే, ఆషాఢంలో సున్నా అయినా అంతే. నీ జీతం ఎంతో తేల్చుకోవాలంటే గత రెండేళ్ల లెక్క రాయి. అసిస్టెంట్ల డబ్బు, ఆల్బమ్ ప్రింటింగ్, పెట్రోలు, ఈఎంఐ తీసేయి. తక్కువ మిగిలిన ఏడాది ఏదో చూసి, ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగించు. ఆ అంకె చూసి మొదట ఏడుపొస్తుంది. నాకూ వచ్చింది. ఆ నెలే కొత్త లెన్సు ఆలోచన మానుకున్నాను.

ఒంటి విషయం. రాత్రి పెళ్లి ఉంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోన్ ఆపి పడుకుంటాను. సాయంత్రం ఆరున్నరకి ఇంట్లోనే తినేసి బయల్దేరతాను. హాల్లో పదకొండింటికి పూర్ణాలు, గుత్తివంకాయ వడ్డిస్తుంటే పెరుగన్నం ఒక్కటే పెట్టించుకుంటాను. (పూర్ణాలు రెండు ఆకులో కట్టించుకుంటాను, అది వేరే సంగతి.) అర్ధరాత్రి దాటాక టీ లేదు, సీసాలో మజ్జిగ. మండపం మీద చెప్పులుండవు కదా, ఎనిమిది గంటలు చలువరాయి మీద వట్టికాళ్లతో నిలబడితే నడుం పట్టేయక ఏమవుతుంది? మందపాటి సాక్సులు కొనుక్కో. రెండు కెమెరాలూ ఒకే భుజానికి వేలాడదీయకు. పెళ్లి అయిపోయినా తెల్లగా తెల్లారేదాకా బండి తీయకు. విడిదిలో చాప దొరుకుతుంది.

కొండల్లో కాఫీ సంగతి. ఆ ఫొటో వాళ్ల దుకాణం బోర్డు. మా స్టూడియో గోడకి నాన్నగారు తీసిన అందమైన పాప ఫొటో తగిలించుకున్నట్టే అది కూడా. వాళ్ల ఈఎంఐ అందులో ఉండదు. నీకు నిజంగా ఊళ్లు తిరగడం ఇష్టమైతే ఆ పెళ్లిళ్లే వెతుక్కో, తప్పేం లేదు. నేను మాత్రం ఒక సీజన్ అంతా డైరీలో రాసుకున్నాను, ఏ పని నుంచి ఇంటికి ఏ మొహంతో వచ్చానని. గుడి పెళ్లిళ్లు, వంద మంది లోపు పెళ్లిళ్లు అయితే పాటలు పాడుకుంటూ వచ్చాను. రిసెప్షన్ నుంచి వస్తే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. స్టేజీ మీద ఆరువందల మంది వరసగా వచ్చి, కవరిచ్చి, నిలబడి, దిగిపోతుంటారు, మనం క్లిక్‌మనిపిస్తూ ఉంటాం. ఆ తర్వాతి ఏడాది నుంచి రిసెప్షన్లు ఒప్పుకోవడం మానేశాను. నీ డైరీలో ఇంకేదో తేలుతుంది. రాసి చూసి, నాకు మళ్లీ ఉత్తరం రాయి.

మా పెళ్లి ఫొటోలు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. అలా ఉంచేస్తే చాలా? – వి., అనకాపల్లి

చాలదు. 1987లో పెళ్లయిన ఒకావిడ మూడేళ్ల క్రితం మా స్టూడియోకి వచ్చారు. నాన్నగారి కవర్ మీద తేదీ, ఊరు రాసి ఉంటే, ఆమె నెగెటివ్‌లు అరగంటలో దొరికాయి. 2011 నాటి నా హార్డ్ డిస్కు ఒకటి మాత్రం గుడ్డిదైపోయింది, దాంట్లో నాలుగు పెళ్లిళ్లున్నాయి. అవి పోయాయని ఆ నాలుగిళ్లకీ వెళ్లి చెప్పుకోవాల్సి వచ్చింది. పెన్‌డ్రైవ్‌ని నమ్మకండి. రెండు హార్డ్ డిస్కుల్లో వేసి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి పుట్టింట్లో పెట్టండి. ఏడాదికోసారి తెరిచి చూడండి. దీనితోపాటు ఓ ముప్ఫై ఫొటోలు మామూలు సైజులో ప్రింట్ వేయించండి. వెనక పేర్లు రాయండి, ముఖ్యంగా ముసలివాళ్లవి. బాల్‌పెన్‌తో ఒత్తి రాయకండి, ముందువైపు ముఖాల మీద గీతలు తేలతాయి.