పాత డికెన్స్ కొనేముందు, కొన్నాక

తమ్ముడూ,

నవల నిర్మాణం నేర్చుకోవడానికి ఇంగ్లిష్ క్లాసిక్స్‌లో ఏది చదవాలని అడిగావు. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చదువు. ఫోన్‌లో వద్దు, పాత హార్డ్‌బౌండ్ కొను. ముందుకీ వెనక్కీ తిప్పుతూ, అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంటూ చదవాల్సిన పుస్తకం అది.

కోఠీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో దొరికితే అట్ట చూసి మురిసిపోకు. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ చూడు. అబ్రిడ్జ్‌డ్ (కుదించినది) అనో, రీటోల్డ్ (తిరగరాసినది) అనో ఉంటే అక్కడే పెట్టెయ్. తర్వాత చివరికి వెళ్లు: 59 అధ్యాయాలు ఉండాలి. అట్ట కీలు దగ్గర, అంటే అట్ట తెరిచేటప్పుడు మడతపడే చోట, కాగితం చిట్లినా ఫర్వాలేదు, లోపలి కుట్టు గట్టిగా ఉంటే చాలు. గోధుమరంగు చుక్కలకు భయపడకు. బూజు వాసన వస్తే మాత్రం ఎంత చవకైనా వద్దు, నీ అలమరాలో మిగతావాటికీ పాకుతుంది. కీలు వదులైతే సెల్లో టేప్ వెయ్యకు. దాని జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకిపోతుంది. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లం లేని) పీవీఏ అనే తెల్ల జిగురు సన్నటి అల్లికసూదికి పల్చగా పూసి కీలు సందులో తిప్పు. అట్టకీ పేజీలకీ మధ్య బటర్ పేపర్ పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచు.

ఇక అసలు పని. ఈ నవల 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా, డికెన్స్ సొంత వారపత్రిక ‘ఆల్ ద ఇయర్ రౌండ్’లో 36 వారాల సీరియల్‌గా వచ్చింది. పత్రిక అమ్మకాలు పడిపోతుంటే, నెలవారీ భాగాలుగా అనుకున్న కథను ఆయన వారాలకు మార్చుకున్నాడు. నీ హార్డ్‌బౌండ్‌లో ‘సశేషం’ ఎక్కడా ఉండదు. ఆ గుర్తులు నువ్వే పెట్టుకో. మొదటి వారం 1, 2 అధ్యాయాలు. రెండో వారం 3, 4. మూడో వారం 5 ఒక్కటే.

నాలుగో అధ్యాయం చివర ఆగి చూడు. కథానాయకుడు పిప్ అప్పటికి చిన్న పిల్లాడు. పారిపోయిన ఒక ఖైదీ కోసం ఇంట్లో తిండి దొంగిలించాడు. క్రిస్మస్ విందులో ఆ దొంగతనం బయటపడుతుందని బల్ల దగ్గర్నుంచి పరుగు తీస్తాడు. గుమ్మంలో సైనికులు. ఒకడు బేడీలు చాపుతాడు. అక్కడితో ఆ వారం అయిపోయింది. పై వారం చూస్తే, వాళ్లొచ్చింది కమ్మరి జో చేత ఆ బేడీల తాళం బాగుచేయించుకోవడానికి! పిల్లాడి భయం ఉత్తిదే, కానీ బేడీలు ఉత్తివి కావు. వాటితోనే కథ ఆ ఖైదీ దగ్గరికి చేరుతుంది. మన సీరియళ్లలో చాలావాటికి వచ్చే చిక్కు ఇక్కడే. వారం చివర ఉలిక్కిపడేలా చేస్తారు, పై వారం దాన్ని దులిపేసుకుని వేరే దారి పడతారు.

19, 39 అధ్యాయాల చివర కూడా గీత గియ్యి. 1861లో పుస్తకంగా వచ్చినప్పుడు మూడు సంపుటాలు విడిపోయింది అక్కడే. తోటి నవలాకారుడు బుల్వర్ లిటన్ సలహాతో డికెన్స్ ముగింపు మార్చాడు కాబట్టి, వీలైతే అనుబంధంలో పాత ముగింపు కూడా ఉన్న ప్రతి చూసి కొను.

మొదటి ఐదు అధ్యాయాలకు గుర్తులు పెట్టడం అయ్యాక, నీ నవల మొదటి మూడు ప్రకరణాల ఆఖరి పేజీలు మాత్రం నాకు పంపు.