అమ్మలూ, రెక్కని కదలనియ్యి

అమ్మలూ,

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షుల్ని తీసి నువ్వు పంపిన ఫోటోలు చూసేను. షార్ప్‌గానే ఉన్నాయి, ఈకలు లెక్కెట్టొచ్చు, కానీ షట్టర్ స్పీడు 1/2000 సెకనులో తీసేసరికి పెలికాన్ ఎగురుతున్నట్టు లేదు, ఆకాశానికి అతికించినట్టుంది. రెక్క ఊపు కనపడాలంటే షట్టర్ స్పీడు బాగా దించెయ్యాల, పక్షితోపాటు కెమెరా తిప్పాల, దాన్నే ప్యాన్ చెయ్యడం అంటారు.

ముందు పక్షిని వెతక్కు, దాని వెనకాల ఏముందో చూడు. ఉత్త ఆకాశం మీద ఎంత ప్యాన్ చేసినా ఏ గీతా పడదు. వెనక తాడిచెట్లో చింతచెట్లో ఉండి, ఆకుల సందుల్లో వెలుగూ నీడా కలిసి ఉంటే అదంతా సాగిపోయి రంగులు పూసినట్టు వస్తాది. అందుకని గూళ్ళ చెట్ల కిందకెళ్ళి తల పైకెత్తి తియ్యకు, కాస్త దూరంలో నించో. పొద్దున్నే అవి నౌపడ చిత్తడి వైపు మేతకి పోతాయి కదా, నీ ముందునుంచి అడ్డంగా, చెట్లంత ఎత్తులో పోయేవాటినే పట్టు. నీ మీదకి వచ్చేవాటిని వదిలెయ్, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ఎండెక్కితే కష్టం. ఐఎస్ఓ, అంటే సెన్సార్ వెలుగుని పట్టే శక్తి, 100లో పెట్టినా నడి ఎండలో 1/100కే లెన్స్ కన్నం ఎఫ్16 కావాల (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతాది), 1/30కి దిగితే ఎఫ్29 దాకా పోవాల, అప్పుడు ఫోటోలో షార్ప్‌నెస్ తగ్గిపోతాది, సెన్సార్ మీది దుమ్ము చుక్కలన్నీ బయటపడతాయి. తెల్లారగట్ల వెళ్ళు, లేదా మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గించే నల్లద్దం) కొనుక్కో, ఎఫ్10కి వచ్చేస్తాది. చీకటి చెట్ల ముందు తెల్ల పక్షయితే కెమెరా దాన్ని మరీ తెల్లగా కాల్చేస్తాది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టి చూసుకో.

షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడు నువ్వు పెడితే లెన్స్ కన్నం కెమెరా చూసుకునే మోడ్) 1/125తో మొదలెట్టి, చెయ్యి కుదిరేక 1/60, ఆ తర్వాత 1/30. పెలికాన్ పెద్దది, రెక్క నిదానంగా కొడతాది కాబట్టి 1/30లో కూడా బాగుంటాది గానీ, నాలుగు సార్లు కొట్టి రెక్కలు చాపుకుని జారిపోతాది చూడు, అప్పుడు నొక్కితే రెక్కలో ఊపేమీ ఉండదు. కొట్టినప్పుడే నొక్కాల. వరసగా పోతుంటే ముందుది కొట్టేక వెనకది కొడతాది, నీకు టైమింగ్ దొరుకుతాది.

ఇంక నించోడం. కాళ్ళు పక్షి నీకు ఎదురుగా ఎక్కడికొస్తాదో అటు తిప్పి పెట్టు, అది దూరంగా ఉన్నప్పుడే నడుం దగ్గర వెనక్కి తిరిగి దాన్ని ఫైండర్లో పట్టుకో, మోచేతులు ఒంటికి ఆనించి అక్కణ్ణుంచి దానితోపాటే తిరుగుతూ రా, ఎదురుగా వచ్చేటప్పటికి మెల్లగా బరస్ట్ (వరసపెట్టి ఫోటోలు తీసేది) నొక్కు, నొక్కేసేక కూడా ఆగకు, తిరుగుతూనే ఉండు. క్లిక్కుమనగానే ఆపేస్తే మొత్తం పోతాది. ఫోకస్ కంటిన్యూయస్‌లో, అంటే పక్షి కదిలేకొద్దీ మారేలా, ఉంచి, పాయింట్ తల మీద పెట్టు, రెక్క ఎంత చెదిరినా పరవాలేదు, కన్నూ ముక్కూ నిలిస్తే చాలు. లెన్స్ స్టెబిలైజేషన్‌కి (చేతి వణుకుని సరిచేసేదానికి) ప్యానింగ్ మోడ్ ఉంటే అది పెట్టు, లేకపోతే ఆపేసి చూడు. ఎక్కువ ఫోటోలు పోతాయి, అందరికీ పోతాయి.

సైబీరియా నుంచొచ్చేయని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకో, పెలికానూ, పెయింటెడ్ స్టార్క్ అనే కొంగా మన దక్షిణాసియావే. ఎగరాలని చప్పట్లు మాత్రం కొట్టకు, గూళ్ళలో పిల్లలుంటాయి, ఊరివాళ్ళు కూడా ఊరుకోరు, వాళ్ళ ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని.

వెళ్ళేలోగా టెక్కలి రోడ్డు మీద సైకిళ్ళనీ బళ్ళనీ 1/30లో తీస్తా ఉండు. పోయిన ఫోటోలు కూడా నాకు పంపు. వెనక గీతలు తిన్నగా కాకుండా అలల్లా వంకర్లు పోయేయంటే నీ చెయ్యి పైకీ కిందకీ ఊగుతోందన్నమాట, దానికి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఇస్తాను, నా దగ్గర ఖాళీగానే ఉంది.

మావయ్య