శాసనసభపై పెట్టే ఖర్చు దాని అసలు పనికి ఉపయోగపడుతోందా?

జీతాలకు, భత్యాలకు ఉపయోగపడుతోంది. ప్రభుత్వాన్ని లెక్కలు అడగడానికి మాత్రం కాదు. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏగా పనిచేశాను కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను.

బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజు సభ్యులకు సంచి నిండా పుస్తకాలు ఇచ్చేవారు. సంచి కోసం చుట్టాల్లో పోటీ. పుస్తకాలు మాత్రం ఆదర్శనగర్ క్వార్టర్స్‌లో మంచం కిందికి. ఒక ఏడాది మా ఎమ్మెల్యేగారు, "మన కాలువకు ఎంత పెట్టారో చూడవయ్యా, రేపు పద్దుల మీద మాట్లాడాలి" అన్నారు. పద్దులంటే ఒక్కో శాఖ ఖర్చుకు సభ అనుమతి కోరే లెక్కలు. నేను చదివింది బీఏ తెలుగు. ఆ పుస్తకాల్లో 4701 అనే సంఖ్య అంటే మధ్యతరహా నీటిపారుదలపై మూలధన వ్యయమని నాకెవరు నేర్పారు? అర్ధరాత్రి దాటాక దొరికింది. నిరుడు ఘనంగా కేటాయించారు, సవరించిన అంచనాల్లో దాదాపు తుడిచేశారు, ఈ ఏడాది మళ్లీ అంతే ఘనంగా చూపించారు. చీటీ మీద రాసిచ్చాను. మర్నాడు ఆయన ఆ అంకెలు చదవగానే మంత్రిగారు అధికారుల గ్యాలరీ వైపు చూశారు. అక్కడ ఒక అధికారి పక్కనున్న అధికారి వైపు చూశారు. ఇంతలో గంట మోగింది. సాయంత్రానికి ఆ పద్దు మూజువాణి ఓటుతో గట్టెక్కింది.

ఢిల్లీ కూడా తక్కువ తినలేదు. 2018 మార్చిలో లోక్‌సభ పద్దులన్నిటినీ చర్చ లేకుండా గిలెటిన్ చేసి, అంటే అన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించింది. అయినా అక్కడ 1993 నుంచి ఎంపీలతో ఏర్పడ్డ శాఖలవారీ స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలిస్తున్నాయి. కేరళ శాసనసభలో 1980 నుంచే ఇలాంటి విషయ సంఘాలు ఉన్నాయి.

సభ వాయిదా పడినప్పుడల్లా "నిమిషానికి ఇన్ని లక్షలు వృథా" అని పత్రికలు రాస్తాయి చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. సభ జరిగినా జరగకపోయినా జీతాలు నడుస్తూనే ఉంటాయి కదా! అసలు సభ ఏడాదికి ఎన్ని రోజులు పెడుతున్నారో అడగరేం?

బడ్జెట్ పుస్తకాల్లో శాసనవ్యవస్థ పద్దు సంఖ్య 2011. నేను చూసిన రోజుల్లో అందులో జీతాలు, ప్రయాణ భత్యాలు, కార్యాలయ ఖర్చులు ఉండేవి. సభ్యుడికి పద్దులు చదివిపెట్టే మనిషి కోసం ఒక్క వరుస కూడా కనబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 175 మంది ఎమ్మెల్యేలకు నెలకు 50 వేల జీతంతో తలా ఒక పరిశోధకుణ్ణి ఇచ్చినా ఏడాదికి పదిన్నర కోట్లు. ఇద్దరు ఎంపీలకు ఏటా స్థానికాభివృద్ధి నిధి కింద కేటాయించే 10 కోట్లకు కాస్త పైన, అంతే.