సైకిల్ కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మావారికి 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 72 వేలు వస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు 18 వేల దాకా సంపాదిస్తాను. ఆయన రెండేళ్లుగా సైకిల్ రేసులకు వెళ్తున్నారు. ఏడాదికి ఐదు, అన్నీ దాదాపు హైదరాబాద్‌లోనే. నేనూ తోడు వెళ్లి దారిలో నీళ్ల సీసాలు అందిస్తుంటాను. ఇప్పుడు 1,80,000 పెట్టి తేలికపాటి కార్బన్ ఫైబర్ సైకిల్ కొంటానంటున్నారు. జీఎస్టీ తగ్గింది, ఇదే అదను అంటారు. పాప ఇంటర్ ఫీజు కోసం కడుతున్న 2 లక్షల చీటీ (20 నెలలు, 8 కట్టాం) పాడేద్దామంటున్నారు. కాదంటే ఆయన సరదా చెడగొట్టినట్టవుతుందని భయం. ఏం చేయమంటారు?

జవాబు: సైకిల్ సంగతి కాసేపు పక్కన పెట్టి, మీరు పంపిన ఫొటో చూద్దాం. కొలతల పుస్తకం చివరి పేజీలో పోయిన రేసు ఖర్చు రాసుకున్నారు. డీజిల్, టోల్ 4,600. లాడ్జి రెండు రాత్రులు 4,400. ఎంట్రీ 2,000. తిండి 2,600. తొక్కుతూ శక్తికి తీసుకునే జెల్లు, టైరు ట్యూబులు 1,800. మొత్తం 15,400. కూడిక సరిగ్గానే ఉంది. కానీ ఫొటోలో ఎదుటి పేజీ కూడా సగం పడింది. అక్కడ మూడు పేర్లు కొట్టేసి, పక్కన ‘శనివారానికి కుదరదు’ అని రాసి ఉంది. పెళ్లివారి జాకెట్లు అనుకుంటాను. మీరు రాసిన రేట్ల ప్రకారం అది 4 వేలు. ఆ పద్దు ఖర్చులోకి ఎందుకు రాలేదు?

అది కలిపితే ఒక్కో రేసుకు 19,400. ఐదింటికి 97 వేలు. మీ ఇద్దరి నెల సంపాదన 90 వేలే కదా! ఇంట్లో గొడవ సైకిల్ గురించి జరుగుతోంది గానీ, డబ్బు కారుతున్నది శని, ఆదివారాల్లో.

ఇక చీటీ. ఇప్పుడు 40 వేలకు పాడితే చేతికొచ్చేది 1,60,000. ఆఖరిదాకా ఆగితే, చట్టం ఒప్పుకునే గరిష్ఠ కమిషన్ 7 శాతం, అంటే 14 వేలు పోయినా 1,86,000 వస్తుంది. తేడా 26 వేలు. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గిన మాట నిజమే. 1,80,000 సైకిల్ మీద అది 12 వేల లాభం. పన్నెండు మిగుల్చుకోవడానికి ఇరవై ఆరు పోగొట్టుకుంటారా? పైగా జామీను వెతకాలి, సైకిల్ ధరకు తక్కువపడ్డ 20 వేలు కార్డు మీద గీకాలి, మిగిలిన 12 వాయిదాలు ఎలాగూ కట్టాలి. అది పాప ఫీజు డబ్బు. ముట్టుకోకండి.

రేసులు మానమని మాత్రం అనను. మా బావమరిదికీ ఈ పిచ్చి ఉంది. ఒకసారి నన్ను సీసా పట్టుకుని రోడ్డు పక్కన నిలబెట్టాడు. మూత దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, చెయ్యి చాచి, వాడు వెళ్లే దిక్కునే నాలుగడుగులు పరుగెత్తాలట. నేను కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. సీసా వాడి చేతికి తగిలి కాలవలో పడింది. ఇరవై కిలోమీటర్లు వాడు నోరెండి తొక్కాడు, ఆ తిట్లు ఇప్పటికీ వింటున్నాను. అందుకే మీరు చేసేది చిన్న పనని నాకు అనిపించదు. కాకపోతే అన్ని రేసుల్లో ఆ పని ఉండదు. టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినే విడిగా వదులుతారు. ఇరవై, ముప్ఫై కిలోమీటర్లయితే గంటలో అయిపోతుంది, సైకిల్‌కున్న ఒక్క సీసా చాలు. దానికి ఆయన మిగతా రైడర్లతో కారు పంచుకుని వెళ్లి రావచ్చు. ఎండలో వంద కిలోమీటర్ల రోడ్ రేసైతే మీరు వెళ్లండి. ఏడాదికి మూడు రేసులు, అందులో రెండిటికి మీరు. మాఘమాసం ముహూర్తాల వారాల్లో మాత్రం వద్దు.

రెండు రేసులు తగ్గితేనే ఏటా 38,800 మిగులుతుంది. నెలకు 3,200 చొప్పున ఆర్‌డీ వేయించండి. రెండేళ్లకు అసలే 76,800. దానికి పాత సైకిల్ అమ్మిన డబ్బు కలిపి సెకండ్‌హ్యాండ్ కార్బన్‌ది చూసుకోవచ్చు. ఫ్రేమ్‌లో పగుళ్లున్నాయేమో తెలిసినవాళ్లకు చూపించాకే కొనండి.

ఇంతకంటే తొందరగా చూడాల్సింది బీమా. ఆరోగ్య బీమా పాలసీల్లో ‘ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే చెల్లదు’ అనే మినహాయింపు ఉంటుంది. మీవారు సరదాకి తొక్కేవారే, అయినా పోటీల గురించి కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఇద్దరూ తీసుకోండి, కానీ అది ప్రమాదంలో మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. సైకిల్ మీంచి పడ్డవాళ్లకు మామూలుగా విరిగేది మెడ దగ్గరి కాలర్ ఎముక. దానికి అందులో పైసా రాదు. కోలుకునే వారాలకు డబ్బిచ్చే ప్రమాద బీమా విడిగా ఉంటుంది. రేసులకు వర్తిస్తుందో లేదో చదివాకే కట్టండి.

మీవారితో మాట్లాడేటప్పుడు ఈ ఉత్తరం చూపించనక్కర్లేదు. ఆ చివరి పేజీలో, ఎంట్రీ ఫీజు పైన, ‘నా కుట్టు 4,000’ అని ఒక వరుస రాసి పుస్తకం ఆయన చేతికివ్వండి.