గ్రాఫ్ట్ ఉన్నవారికి నల్లటి విరేచనం: ఎండోస్కోపీతో ఆగవద్దు

మీ నాన్నగారికి ఆరేళ్ల క్రితం పొత్తికడుపులోని బృహద్ధమని ఉబ్బుకు గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళ గొట్టం) వేశారని, మొన్న తారులాంటి నల్లటి విరేచనం ఒకసారి అయి ఆగిందని, ఎండోస్కోపీలో ఏమీ కనిపించలేదని రాశారు. ఆగింది కదా అని దయచేసి ఊరుకోవద్దు. గ్రాఫ్ట్ ఒరుసుకుని పేగుకు రంధ్రం పడితే, బృహద్ధమని రక్తం పేగులోకి కారుతుంది; తొలి చిన్న స్రావం గడ్డకట్టి ఆగి, గంటల్లోనో వారాల్లోనో ప్రాణాంతకంగా తిరగబెట్టవచ్చు. ఆ రంధ్రం ఎక్కువగా చిన్నపేగు ఆరంభమైన డుయోడినమ్ మూడు, నాలుగు భాగాల్లో పడుతుంది. మామూలు ఎండోస్కోపీ సాధారణంగా రెండో భాగం దాటదు. ఈ రోజే వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రవైద్యుడు) ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లి, గ్రాఫ్ట్ సంగతి ముందే చెప్పి, సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలు కనిపించేలా తీసే స్కాన్) గురించి అడగండి. ఇన్నేళ్ల తరువాత గ్రాఫ్ట్ చుట్టూ గాలి బుడగలు కనిపించడం ఇలాంటి రంధ్రానికి లేదా గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్‌కు బలమైన సూచన; అవి లేకపోయినా అనుమానం తీరినట్టు కాదు. రక్తం ధారగా పోతుంటే ముందు స్టెంటుతో (రక్తనాళం లోపల అమర్చే తొడుగు గొట్టం) ఆపవచ్చు, కానీ అది తాత్కాలికమే: ఇన్ఫెక్షన్ సోకిన గ్రాఫ్టును తీసి, పేగును కుట్టి, కాళ్లకు కొత్త రక్తమార్గం వేసి, యాంటీబయాటిక్స్ వారాల తరబడి ఇవ్వవలసి ఉంటుంది.